వాడిన కెమెరాలను ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు, అమ్మేటప్పుడు నమ్మకం, నిజాయతీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ముక్కూ మొహం తెలియని మనిషిని నమ్మి వేలకు వేలు ఎలా ఇవ్వాలి?

మనిషిని నమ్మవలసిన అవసరం నిజానికి చాలా తక్కువ. నమ్మవలసింది ఆయన చెప్పిన మాటలను, అందులోనూ సరిచూసుకోవడానికి వీలున్న మాటలను. "కెమెరా సూపర్ కండిషన్‌లో ఉంది, మీరే చూస్తారుగా" అన్న మాటలో సరిచూడడానికి ఏమీ లేదు. "2021లో హైదరాబాదులో కొన్నాను, బిల్లు ఉంది, షట్టర్ కౌంట్ 42 వేలు దాటింది, కుడిచేతి పట్టు దగ్గర రబ్బరు కొద్దిగా లేచింది" అన్న మాటలో ప్రతి ముక్కనూ సరిచూడవచ్చు. (షట్టర్ కౌంట్ అంటే ఫొటో తీసినప్పుడు తెరుచుకుని మూసుకునే షట్టర్ అప్పటివరకు ఎన్నిసార్లు పనిచేసిందో చెప్పే లెక్క.) ఇలా చెప్పే అమ్మకందారు తనంతట తానే పరీక్షకు నిలబడుతున్నాడు కనుక, ఆయన ఎవరో తెలియకపోయినా బేరం ముందుకు సాగుతుంది.

అమ్మేవారికి తెలిసిన లోపం కొనేవారికి తెలియని బజారు ఎలా చెడిపోతుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని వివరించారు. 2001లో నోబెల్ పురస్కారం పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. మంచి వస్తువేదో చెడ్డ వస్తువేదో తేల్చుకోలేని కొనుగోలుదారు అన్నిటికీ ఒకే మధ్యరకం ధర ఇస్తాడు, ఆ ధర గిట్టక మంచి వస్తువు గలవారు అమ్మడం మానుకుంటారు, చివరికి నాసిరకం సరుకే మిగులుతుంది. కెమెరాల విషయంలో ఈ వాదన ఇంకా బాగా అతుకుతుంది. ఎందుకంటే కారును మెకానిక్‌కు చూపించి కొనే అలవాటు మనకు ఉంది గానీ, లెన్సును ఎవరికైనా చూపించి కొనే అలవాటు దాదాపు లేదు.

నిజాయతీ గల ప్రకటనలో ఏమేమి ఉండాలి?

ముందుగా లోపాలు ఉండాలి, ధర ఆ తరువాత రావాలి. లోపాలను చివర్లో ఇరికించడం, లేదా ఫోన్ చేసినవారికి మాత్రమే చెప్పడం చాలామంది చేసే పని. అది అబద్ధం కాదు, కానీ అటువైపున ఉన్నవారికి కలిగే అనుమానం మాత్రం అబద్ధం విన్నప్పటి అనుమానమే. మోడల్ పూర్తి పేరు, కొన్న సంవత్సరం, మీరు మొదటి యజమానా రెండో యజమానా, బిల్లు, పెట్టె, వారంటీ కార్డు ఉన్నాయా, షట్టర్ కౌంట్ ఎంత, ఎప్పుడైనా కింద పడిందా, నీళ్లలో తడిసిందా, విప్పి బాగుచేయించారా, చేయిస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనా బయటి మెకానిక్ దగ్గరా, బ్యాటరీ అసలుదా వేరే కంపెనీదా అన్నవి తప్పనిసరిగా ఉండవలసిన సంగతులు. ఎందుకు అమ్ముతున్నారో చెప్పడం తప్పనిసరి కాదు. అయినా ఒక్క వాక్యం రాస్తే మంచిదే, అది నిజమైనప్పుడు.

ఫొటోలు మీరు తీసినవే కావాలి, కంపెనీ వెబ్‌సైటు నుంచి తెచ్చినవి కాకూడదు. మౌంటు (లెన్స్ బిగించే చోటు), లెన్స్ ముందు గాజు, వెనుక గాజు, తెర, హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే గాడి), అడుగున ట్రైపాడ్ మర, మెమరీ కార్డు పెట్టే చోటు, ఇలా అరుగుదల కనిపించే భాగాలన్నీ పగటి వెలుతురులో, దగ్గరగా తీయాలి. గీత ఉన్నచోట గీత కనిపించేలా తీసిన ఒక్క ఫొటో, మెరిసిపోయే ఫొటోలు పది పెట్టినదానికంటే కొనుగోలుదారును త్వరగా రప్పిస్తుంది.

షట్టర్ కౌంట్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ఆ సంఖ్యను నమ్మవచ్చు, కానీ దాని ఒక్కదాని మీదే ధర కట్టకూడదు. కంపెనీలు ప్రకటించే షట్టర్ ఆయుర్దాయం పరీక్షల్లో తేలిన అంచనా: నికాన్ డీ850కి 2 లక్షలు, కానన్ 5డీ మార్క్ 3కి లక్షన్నర, కానన్ 80డీకి లక్ష. ఆ సంఖ్య దాటిన మర్నాడే షట్టర్ ఆగిపోదు, దాటకముందు ఆగిపోదన్న హామీ కూడా లేదు. నికాన్ జెడ్8, జెడ్9లలో అసలు యాంత్రిక షట్టరే లేదు కనుక వాటికి ఈ లెక్క అరుగుదలను చెప్పదు. ఇతర మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో కూడా ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన ఫొటోల వల్ల యాంత్రిక భాగం అరగదు. పెళ్లి వీడియోలకే వాడిన బాడీలో (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరాలో) షట్టర్ కౌంట్ తక్కువగానే ఉంటుంది, అయినా అది గంటల తరబడి వేడెక్కి ఉంటుంది.

సంఖ్యను తెలుసుకునే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. నికాన్ కెమెరాలతో తీసిన ఫైలులోనే అది దాగి ఉంటుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో చదవవచ్చు. కానన్‌లో చాలా మోడళ్లకు ఫొటో ఫైలులో ఆ సంఖ్య ఉండదు. కెమెరాను కంప్యూటర్‌కు తగిలించి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చూడాలి, లేదా సర్వీస్ సెంటర్‌లో అడగాలి. అందువల్ల కానన్ అమ్మేవారు "నాకు తెలియదు" అంటే వెంటనే అనుమానించనక్కరలేదు. నికాన్ అమ్మేవారు అదే మాట అంటే, ఒక ఫొటో తీసి ఫైలు పంపమని అడగండి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ సమాచారమంతా చెరిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపించుకోవాలి. ఫైలులోని సమాచారాన్ని మార్చగల ప్రోగ్రాములు కూడా ఉన్నాయి కనుక, ముఖాముఖి కలిసినప్పుడు మీ సొంత మెమరీ కార్డు వేసి కొత్తగా ఒక ఫొటో తీసి సరిచూసుకోవడమే చివరి మాట. షట్టర్ మార్పించిన కెమెరాలో లెక్క కొన్నిసార్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆ రసీదు చూపించి "షట్టర్ మార్పించాను" అని చెప్పే అమ్మకందారు దాచడానికి వీలున్న విషయాన్ని బయటపెడుతున్నాడని గుర్తించి, దాన్ని బేరానికి ఆయుధంగా వాడుకోకుండా ఉండడం మర్యాద.

లెన్సులో కొంచెం ఫంగస్ ఉంది, ఫొటోల్లో తెలియడం లేదు. అయినా చెప్పాలా?

చెప్పాలి. ఫొటోల్లో తెలియకపోవడం ఈరోజు మాట. ఫంగస్ పెరిగేది, అది గాజు మీది పూతను తినేస్తే, శుభ్రం చేయించిన తరువాత కూడా మచ్చ పోదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ ఎక్కువ. అక్కడ బీరువాలో, తోలు సంచిలో ఏళ్లతరబడి పడి ఉన్న లెన్సులో ఫంగస్ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్‌లో, లేదా కనీసం గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో దాచినవారు ఆ సంగతి ప్రకటనలో రాసుకోవచ్చు. తెలిసిన కొనుగోలుదారు దానికి విలువ ఇస్తాడు.

పరీక్షించే పద్ధతి సులువు. చీకటి గదిలో, అపర్చర్ (లెన్సులో వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, లెన్స్ వెనుక నుంచి టార్చి వెలుగు పంపి, ముందు నుంచి కొంచెం వాలుగా చూడాలి. సాలెగూడు పోగుల్లా, లేదా కొమ్మలు వేసినట్టుగా కనిపిస్తే ఫంగస్. పొగమంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తే దాన్ని హేజ్ అంటారు. అతికించిన రెండు గాజుల అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగులు తేలితే వాటి మధ్య జిగురు ఊడుతోందని అర్థం. అక్కడక్కడ ఉండే నాలుగైదు దుమ్ము కణాలు ప్రతి పాత లెన్సులోనూ ఉంటాయి, వాటి వల్ల ఫొటోకు ఏమీ కాదు. వాటిని చూపించి ధర తగ్గించమనడం అన్యాయం. కానీ టార్చి వేస్తే తేలే విషయాన్ని "మామూలు కంటికి కనిపించదు" అని ప్రకటనలో రాయడం కూడా అంతే అన్యాయం.

ఫంగస్ ఉన్న లెన్సును శుభ్రం చేయించి అమ్మేవారు, శుభ్రం చేయించిన సంగతిని కూడా చెప్పవలసి ఉంటుంది. విప్పి బిగించిన లెన్సులో గాజులు తమ స్థానం నుంచి వెంట్రుకవాసి జరిగినా ఫొటోలో ఒక పక్క స్పష్టంగా, మరో పక్క మసకగా వస్తుంది.

వస్తువు నిజంగా వారి దగ్గరే ఉందని ఎలా తెలుస్తుంది?

కాగితం మీద ఆ రోజు తేదీ, మీ ఇద్దరి పేర్లు రాసి, దాన్ని కెమెరా పక్కన పెట్టి ఫొటో పంపమనండి. వీడియో కాల్‌లో ఆన్ చేసి, లెన్స్ తిప్పి చూపించమనండి. ప్రకటనలోని ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వెతికితే, అవే ఫొటోలు వేరే ఊరి పేరుతో మరో ప్రకటనలో దొరకవచ్చు. ఇవన్నీ అడిగితే నిజమైన అమ్మకందారుకు కొంత చిరాకు కలగవచ్చు గానీ, చేయడానికి ఐదు నిమిషాలు చాలు. కోపం తెచ్చుకుని "నమ్మకం లేకపోతే వదిలేయండి" అనేవారిని వదిలేయడమే మేలు.

బిల్లు, పెట్టె లేని కెమెరా కొనకూడదా?

పెట్టె లేకపోవడం పెద్ద విషయం కాదు. ఇల్లు మారినప్పుడు పోయే వస్తువుల్లో అది మొదటిది. బిల్లు లేకపోవడం మాత్రం ఆలోచించవలసిన సంగతి. దొంగిలించిన ఫోన్లను ఐఎంఈఐ ద్వారా అడ్డుకునే సీఈఐఆర్ వంటి ప్రభుత్వ వ్యవస్థ ఫోన్లకు ఉంది, కెమెరాలకు అలాంటిది లేదు. కెమెరాకు ఉన్న గుర్తింపల్లా దాని సీరియల్ నంబరు. బాడీ మీద ఉన్న నంబరు, బిల్లు మీద ఉన్న నంబరు, ఫొటో ఫైలులో ఉన్న నంబరు మూడూ ఒకటేనా అని చూడండి. నంబరు చీటీ గీకేసి ఉంటే ధర ఎంత తక్కువైనా వెనక్కి తిరగండి.

సరుకుల విక్రయ చట్టం, 1930లోని 27వ సెక్షన్ ప్రకారం, తనది కాని వస్తువును అమ్మినవాడు సాధారణంగా కొన్నవారికి హక్కు బదిలీ చేయలేడు. అంటే మీరు పూర్తి ధర చెల్లించినా, అసలు యజమాని రుజువులతో వస్తే కెమెరా ఆయనకే చెందుతుంది. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద అది నేరం. బజారులో 80 వేలు పలికే లెన్సును, బిల్లు లేకుండా, 25 వేలకు, ఈ సాయంత్రమే తీసుకోవాలని ఎవరైనా తొందరపెడితే, తగిన కారణం మీ కళ్లముందే ఉన్నట్టు.

బిల్లు నిజంగా పోయినప్పుడు అమ్మకందారు చేయగలిగింది ఉంది. కొన్న దుకాణంలో ఫోన్ నంబరు చెప్పి నకలు అడగవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆర్డర్ల జాబితాలో ఎన్నేళ్ల తరువాతైనా సాధారణంగా దొరుకుతుంది. అదీ కుదరకపోతే, తన పేరు, చిరునామా, సీరియల్ నంబరు, "ఇది నా సొంత వస్తువు, ఫలానా వారికి ఇంత ధరకు అమ్మాను" అన్న మాట రాసి సంతకం చేసి, ఆధార్ నకలు మీద "కెమెరా అమ్మకం కోసం మాత్రమే" అని రాసి ఇవ్వవచ్చు.

ఈఎంఐ ఇంకా తీరని కెమెరాను అమ్మవచ్చా?

అప్పు తీర్చేశాక అమ్మడం మంచిది. ముందే అమ్మవలసి వస్తే కొనేవారికి ఆ సంగతి చెప్పి, వారి ముందే బాకీ కట్టి, ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే బాకీ లేదన్న పత్రం అందించాలి.

పెళ్లిళ్లలో వాడిన కెమెరాకు దూరంగా ఉండాలా?

అలా అనుకుంటే మన దగ్గర కొనడానికి మిగిలేవి చాలా తక్కువ. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ ముహూర్తాలు లేక చేతిలో డబ్బు ఆడనప్పుడు ఫొటోగ్రాఫర్లు రెండో బాడీని అమ్మకానికి పెట్టడం, మాఘం దగ్గరపడేసరికి మళ్లీ కొనడం ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన వ్యవహారం. వృత్తిలో వాడిన కెమెరా బయట అరిగి ఉన్నా, లోపల సకాలంలో సర్వీసు చేయించి ఉండవచ్చు. సరదాకు కొని అటక మీద పెట్టిన కెమెరా బయట మెరుస్తూ లోపల ఫంగస్ పట్టి ఉండవచ్చు.

పెళ్లి కెమెరాలో ప్రత్యేకంగా చూడవలసింది లేజర్ దెబ్బ. సంగీత్ వేదికల మీద, బరాత్‌లో డీజే బండ్ల మీద తిప్పే లేజర్ కాంతి నేరుగా లెన్సులోకి పడితే సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే భాగం) మీద శాశ్వతమైన చుక్కలు, రంగు గీతలు మిగులుతాయి. దుమ్ముకూ దీనికీ తేడా తెలుసుకోవడానికి అపర్చర్ బాగా మూసి, అంటే ఎఫ్/16 దగ్గర, తెల్లటి గోడను ఒకసారి, అపర్చర్ పూర్తిగా తెరిచి మరోసారి తీయండి. దుమ్ము మచ్చ ఎఫ్/16 దగ్గర నల్లగా కనిపించి, తెరిచినప్పుడు కరిగిపోతుంది. లేజర్ దెబ్బ రెండింటిలోనూ అదే చోట, అదే గీతగా ఉంటుంది. సెన్సర్ మార్పించడమంటే చాలా సందర్భాల్లో పాత బాడీ విలువకు దగ్గరైన ఖర్చు. తెలిసీ దీన్ని చెప్పకుండా అమ్మేవారిని మోసగాళ్లనడానికి నేను వెనకాడను.

కంపెనీయే ఒప్పుకున్న లోపాలున్న మోడళ్లను కొనవచ్చా?

కొనవచ్చు, బాగుచేయించిన రుజువు ఉంటే. 2012లో వచ్చిన నికాన్ డీ600లో షట్టర్ నుంచి నూనె చుక్కలు, రేణువులు సెన్సర్ మీద పడే ఇబ్బంది ఉండేది. 2013లో దాని స్థానంలో డీ610 వచ్చింది, 2014లో డీ600 యజమానులకు ఉచితంగా షట్టర్ మార్చి ఇస్తామని నికాన్ ప్రకటించింది. ఈరోజు డీ600 తక్కువ ధరకు దొరకడానికి ఆ చరిత్ర కూడా ఒక కారణం. డీ750కి కూడా కొన్ని సీరియల్ నంబర్ల వరకు షట్టర్ గురించి ఇలాంటి ప్రకటనే వెలువడింది. అమ్మకందారు ఈ చరిత్ర తెలియని మనిషి కావచ్చు. దాచిపెట్టాడని తొందరపడకుండా, సీరియల్ నంబరు అడిగి మీరే కంపెనీ సైటులో చూసుకోవడం ఉత్తమం.

ముఖాముఖి ఎక్కడ కలవాలి, ఎంతసేపు చూడాలి?

జనం తిరిగే చోట, పగటిపూట, కుర్చీ బల్ల ఉన్నచోట కలవండి. కాఫీ దుకాణం సరిపోతుంది. ఇద్దరికీ తెలిసిన కెమెరా దుకాణం ఇంకా మంచిది. హైదరాబాదులో కోఠి చుట్టుపక్కల కెమెరాలు బాగుచేసేవారి దగ్గర కొద్దిపాటి రుసుము ఇచ్చి చూపించుకోవచ్చు, ఆ రుసుము కొనేవారు పెట్టుకోవాలి. అరగంట పట్టినా అమ్మకందారు ఓపిక పట్టాలి. ఆ అరగంటలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ, మీ కార్డు, వీలైతే మీ లాప్‌టాప్ దగ్గర ఉండాలి. ప్రతి మీటా, ప్రతి చక్రమూ తిప్పి చూడండి. ఆటోఫోకస్ దగ్గరి నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరికి ఆగకుండా వెళుతోందా, ఇటుక గోడను తీస్తే నాలుగు మూలలూ సమానంగా ఉన్నాయా, ఫ్లాష్ హాట్ షూ మీద వెలుగుతోందా, రెండు కార్డు గళ్లూ పనిచేస్తున్నాయా అని చూడండి. చూసి, డబ్బిచ్చి, ఇంటికి వెళ్లాక "మూల దగ్గర గీత ఉంది" అని ఫోన్ చేయడం మాత్రం ఆ అరగంట ఓపిక పట్టిన మనిషికి చేసే అన్యాయం.

టోకెన్ అడ్వాన్సు పంపమంటున్నారు, పంపాలా?

వస్తువు చూడకముందు పంపవద్దు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు" అన్నది నిజమే కావచ్చు, అయినా పంపవద్దు. చూసి, నచ్చి, మిగిలిన డబ్బుకు రెండు రోజులు గడువు కావలసినప్పుడు మాత్రం అడ్వాన్సు న్యాయమే. అప్పుడు ఎంత ఇచ్చారు, ఎప్పటిలోగా మిగతాది ఇస్తారు, ఇవ్వకపోతే అడ్వాన్సు ఎవరిది అన్న మూడు సంగతులూ సందేశంలో రాసుకోవాలి. అడ్వాన్సు పుచ్చుకున్న తరువాత ఎక్కువ ధర ఇచ్చేవారు దొరికారని మాట తప్పే అమ్మకందారులు ఉన్నారు. డబ్బు వెనక్కి ఇచ్చేశాను కదా అన్నది దానికి సమాధానం కాదు.

అమ్మేవారు డబ్బు విషయంలో ఎలా మోసపోతారు?

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే పద్ధతి ఇది. ఫోన్ చేసిన వ్యక్తి తాను సైన్యంలోనో, సీఐఎస్‌ఎఫ్‌లోనో పనిచేస్తున్నానని, బదిలీ మీద ఉన్నానని చెబుతాడు. యూనిఫారంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు పంపుతాడు. వస్తువును చూడకుండానే, బేరం ఆడకుండానే మీరు చెప్పిన ధరకు ఒప్పుకుంటాడు. తరువాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచి డబ్బు వెళుతోందని అర్థం. కెమెరాను తిప్పి కూడా చూడకుండా అడిగిన ధరకు ఒప్పుకునే మనిషి అసలు ఫొటోగ్రాఫర్ కాడన్న సంగతి మొదటి ఫోన్‌లోనే తట్టాలి.

రెండో పద్ధతి నకిలీ స్క్రీన్‌షాట్. డబ్బు వచ్చినట్టు చూపించే బొమ్మలను, సందేశాలను తయారుచేయడం కష్టం కాదు. ఎదుటివారి ఫోన్‌లో చూసింది, మీ ఫోన్‌కు వచ్చిన ఎస్‌ఎంఎస్ రెండూ లెక్కలోకి రావు. మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకున్నాకే కెమెరా చేతికి ఇవ్వండి. "పొరపాటున ఐదు వేలు ఎక్కువ పంపాను, వెనక్కి పంపండి" అన్నది ఇదే తంతులో తరువాతి మెట్టు.

మూడోది చాలామందికి తెలియదు. ఎవరినో మోసగించి తెచ్చిన డబ్బుతో మీ కెమెరా కొంటే, ఆ డబ్బు జాడ పట్టుకుని వచ్చిన పోలీసుల ఆదేశంతో మీ బ్యాంకు ఖాతా స్తంభించిపోవచ్చు, మీ తప్పు ఏమీ లేకపోయినా. అందుకే డబ్బు పంపిన ఖాతా పేరు, ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు ఒకటేనా అని అడగడం తప్పు కాదు. "మా బావమరిది ఖాతా నుంచి వేయిస్తాను" అంటే, బావమరిది వివరాలు కూడా రాసుకోండి. అమ్మకం పత్రం, మాట్లాడుకున్న సందేశాలు దాచుకుంటే, రేపు బ్యాంకుకు చూపించడానికి అవే ఆధారం.

వేరే ఊరి నుంచి కొరియర్‌లో తెప్పించుకోవచ్చా?

తప్పనప్పుడు తెప్పించుకోవచ్చు. ఈబే ఇండియా ఉన్న రోజుల్లో పైసాపే ద్వారా డబ్బు మధ్యలో ఆగి ఉండే ఏర్పాటు ఉండేది; 2018 ఆగస్టులో ఆ సైటు మూతపడింది. ఇప్పుడు ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకంలో సాధారణంగా ఎవరో ఒకరు ముందుగా నమ్మవలసి వస్తోంది. ఇలాంటప్పుడు ఆ ఊళ్లో ఉన్న చుట్టాన్నో, తోటి ఫొటోగ్రాఫర్‌నో పంపి చూపించి డబ్బు ఇప్పించడం మన పాత పద్ధతి. దానికి మించిన ఏర్పాటు నాకు కనిపించలేదు.

పంపేవారు సీరియల్ నంబరు కనిపించేలా ప్యాకింగ్ మొత్తాన్ని ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి, లెన్సును బాడీ నుంచి విడదీసి మూతలు పెట్టాలి, బ్యాటరీని బయటకు తీసి పంపవచ్చో లేదో కొరియర్ వారిని ముందుగా అడగాలి, అసలు విలువ ప్రకటించి బీమా చేయించాలి. విలువ తక్కువ చూపిస్తే వందో రెండు వందలో మిగులుతాయి గానీ, పోయినప్పుడు ఆ తక్కువ విలువే వస్తుంది. బీమా ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. అందుకున్నవారు చిరునామా చీటీ, టేపు చెక్కుచెదరలేదని చూపిస్తూ, విప్పడం మొత్తాన్ని అలాగే వీడియో తీయాలి. ఈ రెండు వీడియోలు లేకపోతే, పెట్టెలో ఇటుక ఎవరు పెట్టారో తేల్చడం ఎవరి తరమూ కాదు.

కొనేవారికి కూడా నిజాయతీ అవసరమా?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, అడగవలసినవారు అసలు అడగరు. నచ్చకపోతే మూడు రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చన్న మాట తీసుకుని, ఆదివారం పెళ్లి తీసుకుని, సోమవారం "ఫోకస్ సరిగా లేదు" అని 70-200 లెన్సును తిరిగి ఇచ్చేవారు ఉన్నారు. దీనివల్లే చాలామంది అమ్మకందారులు గడువు ఇవ్వడం మానేశారు. గడువు ఇచ్చేవారు తేదీతో పాటు షట్టర్ కౌంట్ కూడా రాసుకుని ఇస్తే ఈ వాదన తగ్గుతుంది. తిరిగి వచ్చిన వస్తువు తమదేనా అని సీరియల్ నంబరు సరిచూసుకోవాలి; ఫంగస్ పట్టిన తమ లెన్సును పెట్టి మంచిదాన్ని ఉంచుకునేవారు లేకపోలేదు.

బేరం ఆడడం తప్పు కాదు. ఫోన్‌లో ఒక ధర ఒప్పుకుని, అమ్మకందారు గంట ప్రయాణం చేసి వచ్చాక "నా దగ్గర ఇంతే ఉంది" అనడం మాత్రం మోసానికి దగ్గరి చుట్టం. ప్రకటనలో చెప్పని లోపం అక్కడ బయటపడితే ధర మళ్లీ మాట్లాడే హక్కు మీకు పూర్తిగా ఉంది. చెప్పిన లోపాన్నే మళ్లీ చూపించి తగ్గించమనే హక్కు లేదు.

చట్టం ఎవరివైపు ఉంటుంది?

రాసుకున్న మాటవైపు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 17వ సెక్షన్ ప్రకారం కేవలం మౌనంగా ఉండడం సాధారణంగా మోసం కాదు; చెప్పవలసిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా ఆ మౌనమే మాటతో సమానమైనప్పుడు మాత్రం మోసం అవుతుంది. చట్టం ఇచ్చిన ఉదాహరణ గుర్రం గురించి: "మీరు కాదనకపోతే గుర్రం ఆరోగ్యంగా ఉందని అనుకుంటాను" అని కొనేవాడు అంటే, జబ్బు సంగతి తెలిసిన అమ్మేవాడు ఊరుకున్నాడు, ఆ ఊరుకోవడం మాటతో సమానం. కెమెరా కొనేవారికి దీని ఉపయోగం చాలా ఉంది. "ఫంగస్ లేదని, ఎప్పుడూ విప్పలేదని, కింద పడలేదని అనుకుంటున్నాను, తప్పయితే చెప్పండి" అని ఒక సందేశం పంపి జవాబు రాయించుకోండి. అదే చట్టంలోని 19వ సెక్షన్, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగి ఉండి కూడా చూసుకోని కొనుగోలుదారుకు కొన్ని సందర్భాల్లో ఒప్పందం రద్దు చేసుకునే వీలు ఇవ్వదు. కనుక సందేశం పంపాను కదా అని టార్చి వేయడం మానకూడదు.

దుకాణం నుంచి కొంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కమిషన్‌కు వెళ్లవచ్చు. సొంత జీవనోపాధి కోసం కెమెరా కొనుక్కున్న ఫొటోగ్రాఫర్‌ను కూడా ఆ చట్టం వినియోగదారుగానే చూస్తుంది. ఎప్పుడో ఒకసారి తన కెమెరా అమ్ముకున్న మామూలు వ్యక్తి వ్యాపారి కాడు కనుక, అతని మీద ఆ దారి సాధారణంగా పనికిరాదు.

మోసపోయానని తెలిసింది. ముందు ఏం చేయాలి?

డబ్బు వెళ్లిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పారిపోకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు ఆలస్యం చేయడం వల్ల మోసగాడికే లాభం. బ్యాంకుకు కూడా అప్పుడే తెలియజేయండి. సందేశాలు, ప్రకటన, ఫోన్ నంబర్ల స్క్రీన్‌షాట్లు భద్రపరచండి. ఆ తరువాతే పోలీసు స్టేషన్. మోసం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది.

విదేశాల్లో ఉన్న మావాళ్లతో తెప్పించుకుంటే మేలు కాదా?

అమెరికాలో కేఈహెచ్, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఎంపీబీ వంటి సంస్థలు పాత కెమెరాలను తామే కొని, పరీక్షించి, శ్రేణులు కట్టి, కొన్ని నెలల వారంటీతో అమ్ముతాయి. వస్తువు నాణ్యత విషయంలో ఇది నిశ్చింతే. కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం, కస్టమ్స్ సుంకం పడవచ్చు, తేడా వస్తే తిరిగి పంపడానికి అయ్యే ఖర్చు లెన్సు ధరను మింగుతుంది. జపాన్ బజారు కోసం తయారైన సోనీ బాడీల మెనూలో జపనీస్ తప్ప వేరే భాష ఉండదన్న సంగతి కొన్నాక తెలిసి తలపట్టుకునేవారు ఉన్నారు. ఇలా తెచ్చిన కెమెరాను తరువాత ఇక్కడ అమ్మేటప్పుడు, ఇండియా వారంటీ లేని సరుకని చెప్పడం తప్పనిసరి.

అమ్మేముందు కెమెరాలో ఏమి చెరిపివేయాలి?

కెమెరాలో మీరు నమోదు చేసిన యజమాని పేరు, కాపీరైటు పేరు, వైఫై పాస్‌వర్డులు అన్నీ. చాలామంది మరిచిపోయేది కాపీరైటు పేరు. కొత్త యజమాని తీసే ప్రతి ఫొటోలోనూ మీ పేరు పడుతూ ఉంటుంది. మెమరీ కార్డును కెమెరాతో పాటు ఇవ్వకపోవడం మంచిది. ఫార్మాట్ చేసిన కార్డు నుంచి కూడా పాత ఫొటోలను వెలికితీయవచ్చు, అవి మీ ఖాతాదారుల పెళ్లి ఫొటోలు. వాటిని పంచే హక్కు మీకు లేదు.

తాతగారి ఫిల్మ్ కెమెరా దొరికింది. దాని గురించి నాకేమీ తెలియదు, ఎలా అమ్మాలి?

తెలియదనే రాసి అమ్మండి. "పనిచేస్తుంది" అని రాయడానికి ఫిల్మ్ వేసి, తీసి, కడిగించి చూసి ఉండాలి. షట్టర్ టక్కుమన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 షట్టర్ నొక్కినప్పుడు కీచుమంటే దాని లోపల నూనె ఆరిందని తెలిసినవారు గుర్తుపడతారు. ఆ శబ్దం వినిపించేలా చిన్న వీడియో పెడితే చాలు. వెనుక తలుపు అంచున ఉండే నురుగు పట్టీ జిగటగా మారి ఉంటే దాన్ని ఫొటో తీయండి. మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న ఆగ్ఫా క్లిక్ 3లో 120 అనే వెడల్పాటి ఫిల్మ్ పడుతుంది, పాత యాషికా ఎలక్ట్రో 35 పాదరసం బ్యాటరీ కోసం తయారైనది. ఈ సంగతులు రాస్తే కొనేవారికి తరువాత అయ్యే ఖర్చు ముందే తెలుస్తుంది. పసుపు పచ్చగా మారిన పాత సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్సును పాడైందని పారేయకండి: ఆ రంగు గాజులో కలిపిన థోరియం వల్ల వచ్చింది, అతినీలలోహిత కాంతిలో కొన్నాళ్లు ఉంచితే తగ్గుతుంది, అలాంటి లెన్సుల కోసమే వెతికేవారు ఉన్నారు. లోపల ఫిల్మ్ ఏమైనా ఉండిపోయిందేమో మాత్రం చూసుకోండి. ఉంటే తలుపు తెరవకుండా రీలును వెనక్కి చుట్టించి, అమ్మేముందు కడిగించుకోండి.